దొంగతిండి అనుకున్నాం: పెద్దమ్మ రాత్రి షుగర్ డైరీ

రోజు 1

రాత్రి 2:40కి పక్క గదిలోంచి ఏదో గొణుగుడు. కలవరిస్తోందేమోలే అని అటు తిరిగి పడుకోబోయాను కానీ మాట ఆగట్లేదు, అదే మాట మళ్లీ మళ్లీ, "తలుపు తియ్యండి, తలుపు తియ్యండి" అని. వెళ్లి లైటు వేస్తే పెద్దమ్మ మంచం మీద కూర్చునుంది, కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడట్లేదు. మెడ మీద చెయ్యేస్తే నీళ్లలో ముంచి తీసినట్టు తడి, దిండు సగం నానిపోయింది, ఒళ్లు మాత్రం చల్లగా ఉంది. "పెద్దమ్మా నేనే" అంటే "ఎవరమ్మా నువ్వు" అంది. ఆ మాట విన్నాక ఒక్క క్షణం నాకు చేతులాడలేదు.

మీటర్ తెచ్చి వేలు పొడిస్తే 47. ఈ డైరీలో అంకెలన్నీ మీటర్‌లో వచ్చే ఎంజీ/డీఎల్ లెక్కే. 70 కిందకొస్తే లో, 54 కిందకొస్తే ప్రమాదం అని తర్వాత నేర్చుకున్నాను, అప్పటికి నాకు తెలిసిందల్లా పంచదార ఇవ్వాలి అని మాత్రమే. గ్లాసులో నాలుగు స్పూన్లు వేసి కలిపి, మింగగలుగుతోందా లేదా అని మొదట ఒక గుక్క పట్టి చూసి, మింగింది కాబట్టి కొంచెం కొంచెంగా మొత్తం పట్టించాను. పదిహేను నిమిషాల తర్వాత 58. మళ్లీ నాలుగు స్పూన్లు. ఇంకో పదిహేను నిమిషాలకి 83, అప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచింది. పాలు, రెండు బ్రెడ్ ముక్కలు పెట్టాను, తిని పడుకుంది, నేను తెల్లారేదాకా ఆ గదిలోనే కుర్చీలో కూర్చున్నాను.

పొద్దున పరగడుపున 218. నోట్‌బుక్కులో ఆ అంకె రాస్తుంటే ఒక సంగతి గుచ్చుకుంది. రాత్రి మేం ఇచ్చిన పంచదార, పాలు, బ్రెడ్ గురించి ఆ పేజీలో రాయకపోతే, ఎవరు చూసినా "అమ్మో, పరగడుపున 218 ఉంది, రాత్రి తిండి ఇంకా తగ్గించాలి" అనే అంటారు. మేం ఆరు నెలలుగా చేస్తున్నది కూడా అదే.

అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. పెద్దమ్మకి 76 ఏళ్లు, షుగర్ వచ్చి 22 ఏళ్లయింది. పొద్దున 22 యూనిట్లు, రాత్రి భోజనం ముందు 16 యూనిట్లు 30/70 మిక్స్ ఇన్సులిన్, దాంతోపాటు మెట్‌ఫార్మిన్, బీపీకి అటెనోలాల్. ఇంట్లో అందరం ఆవిడ షుగర్ ఎక్కువవుతుందనే భయంతోనే బతికాం, పడిపోతుందని ఎవ్వరం అనుకోలేదు.

రోజు 2

డాక్టరు గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ మొదట అడిగింది "ఇంకొకరి సాయం లేకుండా తనే తేరుకోగలిగిందా" అని, లేదండీ అన్నాను. అయితే అంకె ఎంతైనా సరే అది తీవ్రమైన లో కిందే లెక్క అన్నారు. రాత్రి డోసు 16 నుంచి 13కి తగ్గించమన్నారు, రెండు వారాల్లో కలవమన్నారు, అప్పటిదాకా పడుకునే ముందు, తెల్లవారుజామున 3 గంటలకి, పరగడుపున మూడు సార్లు తప్పనిసరిగా చూడమన్నారు. ఇంకోటి గట్టిగా చెప్పారు, భయపడి ఇన్సులిన్ మానేయొద్దు, మీ అంతట మీరు డోసు మార్చొద్దు అని. ఇది చదివేవాళ్లకి కూడా అదే చెప్తున్నా, ఈ డైరీలో ఉన్న యూనిట్లు మా పెద్దమ్మవి, ఆవిడ కిడ్నీలకి, ఆవిడ తిండికి వేసిన లెక్క, ఇంకెవరికీ పనికిరాదు.

రోజు 4

కొత్త నోట్‌బుక్ పెట్టాను. పాతదాంట్లో అంకె, టైము తప్ప ఏం లేవు. ఇప్పుడు ఒక్కో రోజుకి ఒక్కో పేజీ, సూది ఎప్పుడు వేశాం, నిజంగా ఎప్పుడు తింది, పళ్లెంలో పెట్టిందెంత వదిలేసిందెంత, నడిచిందా, రాత్రి లేచిందా, ఇవన్నీ. వదిలేసిందెంత అనేదే అన్నిటికన్నా ముఖ్యమని నాలుగో రోజుకే అర్థమైంది. పెట్టింది రాసుకుంటే కాగితం మీద బాగానే తింటున్నట్టు ఉంటుంది.

ఒక చిన్న విషయం కూడా బయటపడింది. మధ్యాహ్నం 3కి 243 వచ్చింది, నాకు గుండె దడ, అంతలో చూస్తే అంతకుముందే కమలాపండు వొలుచుకుని తింది, వేళ్లకి రసం. సబ్బుతో కడిగి తుడిచి ఇంకో వేలు పొడిస్తే 138. అదే చెయ్యి, అదే మీటర్. అంటే పాత నోట్‌బుక్కులో "ఎక్కువ" అని ఎర్ర పెన్నుతో గీసినవాటిలో ఎన్ని నిజమో ఎన్ని పండు రసమో దేవుడికే తెలియాలి. ఇప్పుడు మీటర్ పౌచ్ మీదే అంటించాను, "ముందు చేతులు".

రోజు 5

ఇవాళ రాస్తుంటే చెయ్యి ఆడట్లేదు, అయినా రాయాలి.

దుప్పట్లు మారుద్దామని పరుపు ఎత్తితే గోడ వైపు మూలలో బిస్కెట్ ప్యాకెట్లు, రెండు ఖాళీవి, ఒకటి సగం తిన్నది, దానికి రబ్బరు బ్యాండు. ఇది కొత్త కాదు. మూడు నెలల కిందట కూడా దొరికాయి, అప్పుడు ఇంట్లో పెద్ద గొడవ అయింది, మా అన్నయ్య "ఈ వయసులో ఈ దొంగతిండి ఏంటి పెద్దమ్మా, నీ కోసమే కదా మేం ఇంత చేస్తున్నాం" అన్నాడు, నేను పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు, పైగా డబ్బాలన్నీ తీసి పై అరలో పెట్టింది నేనే.

ఇవాళ ప్యాకెట్టు ఆవిడ చేతికిచ్చి పక్కన కూర్చుని, "తిట్టడానికి కాదు పెద్దమ్మా, ఎప్పుడు తింటావో చెప్పు చాలు" అన్నాను. చాలాసేపు రబ్బరు బ్యాండు లాగుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది, "రెండు మూడింటికి మెలకువొస్తుందే తల్లీ, లోపల ఏదో తవ్వేసినట్టు ఉంటుంది, ఆకలి కూడా కాదు, భయం లాగా. చెమట్లు పోస్తాయి. రెండు తింటే తగ్గుద్ది. లైటు వేస్తే మీకు మెలకువొస్తుందని చీకట్లోనే తినేసి పడుకుంటా."

అదీ సంగతి. ఆవిడ చేసింది దొంగతిండి కాదు, షుగర్ పడిపోతుంటే ఆవిడ ఒళ్లు ఆవిణ్ని లేపి కాపాడుకుంది. చీకట్లో, ఎవరికీ చెప్పకుండా, తప్పు చేస్తున్నట్టు. మేం ఏం చేశాం, పొద్దున 190 చూసి రాత్రి భోజనం తగ్గించాం. భోజనం తగ్గితే సూది డోసు మాత్రం అంతే ఉంది కాబట్టి ఇంకా పడిపోయింది, ఇంకా లేచింది, ఇంకా తింది, పొద్దున ఇంకా పెరిగింది, మేం ఇంకా తగ్గించాం. ఆ తర్వాత బిస్కెట్లు కూడా అందకుండా పెట్టాం. మొదటి రాత్రి ప్యాకెట్టు పరుపు కింద ఉన్నా తీసుకోలేని స్థితిలో ఉంది. అంతకుముందు ఎన్ని రాత్రులు అంచుదాకా వెళ్లొచ్చిందో.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మకివ్వమన్నాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు, నేను బయటికొచ్చేశాను.

రోజు 8

మంచం పక్కన పెట్టే డబ్బా రెడీ అయింది, దీని మీద రెండు రోజులు కూర్చున్నాను.

ముందు తూకం. లో వస్తే 15 గ్రాముల వేగంగా కరిగే చక్కెర, 15 నిమిషాలు ఆగడం, మళ్లీ చూడటం, 70 దాటకపోతే మళ్లీ అదే, ఇది అందరూ చెప్పే పద్ధతి. కానీ 15 గ్రాములంటే ఎంత? వంటింటి తూకం మీద వేసి చూశాను, టీస్పూనులో పంచదార పోసి వేలితో సమం చేస్తే 4 గ్రాములు, గుట్టగా పోస్తే 7 దాకా వెళ్లింది. అంటే మొదటి రాత్రి కంగారులో గుట్టలు పోసి నేనిచ్చింది ఒక్కోసారికి 25 గ్రాముల పైనే ఉండొచ్చు, పొద్దున 218 రావడంలో ఆశ్చర్యం ఏముంది. గ్లూకోజ్ బిళ్లలైతే చాలావరకు ఒక్కోటి 4 గ్రాములు, నాలుగు నమిలితే 16, లెక్క తేలిక. పండ్ల రసమైతే అరకప్పు, అంటే ఇంచుమించు 120 ఎంఎల్. బిస్కెట్టు, చాక్లెట్టు మొదటి మందుగా పనికిరావు, వాటిలో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యం అవుతుంది. ముందు గ్లూకోజ్, అంకె 70 దాటాక తర్వాతి భోజనం దూరంగా ఉంటే అప్పుడు బిస్కెట్టో పాలో. ఇంకోటి, వోగ్లిబోస్, అకార్బోస్ లాంటి మందులు వాడేవాళ్లకి లో వస్తే పంచదార తొందరగా పనిచెయ్యదు, ఆ మందు పేగులో మామూలు చక్కెర విరగకుండా అడ్డుకుంటుంది, వాళ్లకి గ్లూకోజే ఇవ్వాలి. పెద్దమ్మకి ఆ మందు లేదు కానీ బిళ్లలే పెట్టాను, ఎప్పుడైనా మందు మారితే మళ్లీ మర్చిపోకుండా.

తర్వాత రిహార్సల్. రాత్రి లైట్లార్పి "ఇప్పుడు లో వచ్చిందనుకో పెద్దమ్మా, డబ్బా తీసి నాలుగు బిళ్లలు నోట్లో వేసుకో" అన్నాను. బిళ్లల ట్యూబు మూతకి ఉన్న ప్లాస్టిక్ సీలు ఆవిడ చేతికి రాలేదు. మామూలుగా ఉన్నప్పుడే రాలేదంటే చేతులు వణుకుతున్నప్పుడు ఎలా వస్తుంది. సీలు తీసేసి, వెడల్పు మూతున్న చిన్న డబ్బాలో నాలుగేసి బిళ్లలు మూడు పొట్లాలుగా పెట్టాను, పొట్లం మడత మాత్రమే, ముడి లేదు. మూడోసారికి చీకట్లోనే తడుముకుని తీసి పన్నెండు సెకన్లలో నోట్లో వేసుకుంది. డబ్బాలో ఇంకా మీటర్, చిన్న టార్చి, ఒక కాలింగ్ బెల్లు, దాని రెండో ముక్క నా దిండు దగ్గర. ప్లగ్గులో సన్నటి రాత్రి లైటు కూడా పెట్టాను, లో షుగర్‌లో లేచి బాత్రూమ్‌కి నడిస్తే పడిపోవడం ఇంకో గండం కదా.

డబ్బా మూత లోపల పెద్దక్షరాలతో ఒక కాగితం, ఇది ఆవిడ కోసం కాదు, ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ల కోసం. మెలకువలో ఉండి మింగగలిగితేనే నోట్లో పెట్టాలి. స్పృహ లేకపోయినా ఫిట్స్ వచ్చినా నోట్లో ఏదీ పొయ్యకూడదు, పంచదార కూడా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, గ్లూకగాన్ (పడిపోయిన షుగర్‌ని పెంచే మందు) ఉంటే ఇచ్చి, వెంటనే అంబులెన్సు. గ్లూకగాన్ సూదిగానూ వస్తుంది, ముక్కులో కొట్టే పొడిగానూ వస్తుంది, ఈసారి డాక్టరు గారిని అడగాలి.

రోజు 11

డోసు తగ్గించినా ఇవాళ తెల్లవారుజామున మళ్లీ 63. బెల్లు మోగింది, పరిగెత్తాను, నేను వెళ్లేసరికే పొట్లం విప్పి నములుతోంది. పదిహేను నిమిషాలకి 92. ఆవిడ మొహంలో భయం లేదు ఈసారి, నాకు అది చాలు.

తర్వాత నిద్ర రాలేదు, పేజీలన్నీ మంచం మీద పరుచుకుని చూశాను. 3 గంటల అంకెలు వరసగా 96, 71, 118, 88, 63. బాగా తగ్గిన రెండు రోజులకీ ఏం పోలిక? రెండు రోజులూ సాయంత్రం 6కి నలభై నిమిషాలు నడిచింది. రెండు రోజులూ రాత్రి పళ్లెంలో సగం వదిలేసింది. 118 వచ్చిన రోజు వాన, నడవలేదు, భోజనం పూర్తిగా చేసింది.

మిక్స్ ఇన్సులిన్ సంగతి అప్పుడు కూర్చుని చదివాను. 30/70లో 30 వంతులు తొందరగా పనిచేసేది, అది భోజనానికి. మిగతా 70 వంతులు ఎన్‌పీహెచ్ అనే నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్, అందులో హెచ్ అంటే హాగెడార్న్, దాన్ని తయారుచేసిన డెన్మార్క్ డాక్టరు. అది సూది వేశాక నాలుగో గంట నుంచి పదో గంట దాకా గట్టిగా పనిచేస్తుంది. పెద్దమ్మకి రాత్రి 7కి వేస్తున్నాం, అంటే 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా అది జోరుమీద ఉంటుంది, సరిగ్గా ఆవిడ ఏమీ తినని టైములో. పైగా నడిచిన కండరాలు ఆ తర్వాత కూడా గంటల తరబడి చక్కెర లాక్కుంటూనే ఉంటాయి. రాత్రి రెండింటికి పడిపోతోందని రెండింటి కోసం మందు వెతుకుతున్నాం కానీ అది సాయంత్రం ఆరింటికే మొదలవుతోంది.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను ఈ వారంలో, రాసిపెట్టాలి. భయంతో రోజూ పడుకునే ముందు పాలు, బ్రెడ్, గింజలు అన్నీ పెట్టాను, అంకె ఎంతున్నా సరే. 170 ఉన్నప్పుడు కూడా పెట్టాను, పొద్దున 236. ఎక్కువైన ఇన్సులిన్‌కి తిండి మేపుతూ పోవడం వైద్యం కాదు, ఇన్సులిన్‌నే సరిచెయ్యాలి. ఇప్పుడు పడుకునే ముందు 100 కన్నా తక్కువ ఉంటేనే ఏదైనా పెడుతున్నా. నడక సాయంత్రం నుంచి పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చాం.

రోజు 15

డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. పేజీలన్నీ బల్ల మీద పెట్టాను, ఆవిడ ఒక్కొక్కటే తిప్పి చదివారు, బిస్కెట్ల పేజీ దగ్గర ఆగి పెద్దమ్మ వైపు చూసి "మీరు చేసింది సరైన పనేనమ్మా, చెప్పకపోవడమే తప్పు" అన్నారు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత పొట్ట చూపించమన్నారు. బొడ్డుకి కుడి పక్కన చేత్తో తడిమి నా వేళ్లు కూడా పట్టుకుని అక్కడ పెట్టారు. చర్మం కింద రెండు వేళ్ల వెడల్పున మెత్తని రబ్బరు ముద్ద లాంటిది, పైకి ఏం కనపడదు, తడిమితేనే తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఒకే చోట సూది వేస్తే కొవ్వు అలా గడ్డకట్టుకుంటుందట, అక్కడ నొప్పి తెలీదు కాబట్టి మనుషులు ఇంకా అక్కడే వేసుకుంటారు. అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు సగమే ఎక్కుతుంది, ఒకరోజు మొత్తం ఎక్కుతుంది. నేను రోజుకో లెక్క వేసుకుంటున్న ఈ అంకెల్లో కొంత గందరగోళం ఆ ముద్దదే. కొత్త చోటికి మారితే మందు పూర్తిగా ఎక్కుతుంది కాబట్టి అదే డోసు వేస్తే ఇంకా పడిపోతుంది, అందుకే చోటు మార్చేటప్పుడు డోసు తగ్గించాలి, ఎక్కువసార్లు చూసుకోవాలి. ఇది ఎవరూ చెప్పకపోతే నేను మంచి చేస్తున్నాననుకుని తొడకి మార్చేసి ఉండేదాన్ని.

అటెనోలాల్ గురించి కూడా అప్పుడే తెలిసింది. లో వచ్చినప్పుడు గుండె దడ, వణుకు వస్తాయి కదా, ఈ రకం బీపీ మందులు వాటిని కప్పేస్తాయి. చెమటని మాత్రం కప్పవు. అందుకే పెద్దమ్మకి ఎప్పుడూ చెమట ఒక్కటే గుర్తు. పెద్దవాళ్లలో, చాలా ఏళ్ల షుగర్ ఉన్నవాళ్లలో, తరచూ లో వచ్చేవాళ్లలో ఆ గుర్తులు మెల్లగా మొద్దుబారిపోతాయి, ఒంటికి లో అలవాటైపోతుంది, చివరికి నేరుగా మతి తప్పుతుంది. మంచి మాట ఏంటంటే కొన్ని వారాలు అసలు లో రాకుండా చూసుకోగలిగితే ఆ తెలివిడి కొంతవరకు తిరిగొస్తుంది. కిడ్నీ పరీక్షలో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, 46, రెండేళ్ల కింద 62 ఉండేది. కిడ్నీ నెమ్మదించే కొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, అంటే రెండేళ్ల కింద సరిపోయిన 16 యూనిట్లే ఇవాళ ఎక్కువ.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, అదే ఏ1సీ, 6.6 శాతం వచ్చింది. ఇంతకుముందైతే మేం సంబరపడేవాళ్లం. డాక్టరు గారు మాత్రం తల అడ్డంగా ఊపారు, ఈ వయసులో ఇన్సులిన్ మీద ఉండి, ఇన్ని జబ్బులు ఉన్నవాళ్లకి 8 కింద ఉంటే చాలు, 6.6 అంటే సగం రాత్రులు లోలో గడిచి సగటు కిందకి లాగిందని అర్థం అన్నారు.

మార్పు ఇది. మిక్స్ ఆపేశారు. పొద్దున ఒక్కసారి గ్లార్జిన్ ఇన్సులిన్, రోజంతా పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా పనిచేసేది. పాత రెండు డోసులు, పొద్దున 22, రాత్రి 13, కలిపితే 35, అందులో 70 శాతం తీసుకుంటే ఇంచుమించు 24, ముద్ద నుంచి కొత్త చోటికి మారుతున్నాం కాబట్టి ఇంకా తగ్గించి 20తో మొదలు. భోజనాల సంగతి చూసుకోవడానికి లినాగ్లిప్టిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర, అది ఒక్కటే తీసుకుంటే లో రావడం అరుదు, కిడ్నీ కోసం డోసు మార్చక్కర్లేదు. రాత్రి సూది లేదు. "రాత్రి సూది లేదా?" అని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది. గ్లూకగాన్ రాసిచ్చారు.

రోజు 18

తిండి. నిజానికి ఇది మొదట రాయాల్సిన భాగం అనుకున్నాను, కానీ తిండి ఎప్పుడూ ఒక్కటే సమస్య కాలేదు, తిండికీ మందుకీ పొంతన లేకపోవడమే సమస్య.

పెద్దమ్మకి ఇప్పుడు మూడు పూటలా పళ్లెం ఒకటే లెక్క, సగం కూరగాయలు, పావు గుడ్డో పప్పో మాంసమో, పావు పిండి పదార్థం. ఆ పావు భాగం రోజూ అంతే ఉండాలి, ఒకరోజు రెట్టింపు ఒకరోజు సున్నా కాదు. రాత్రి పిండి పదార్థం పూర్తిగా తీసేసిన మా పాత ఘనకార్యం రద్దు. ముందు కూర, గుడ్డు తిని చివర్లో పిండి పదార్థం తింటే తిన్నాక పెరిగే అంకె తగ్గుతుంది, ఇది రెండు రోజులు చూశాను, ఒకే భోజనం, మొదటిరోజు కలిపి తింటే రెండు గంటలకి 214, రెండోరోజు వరస మారిస్తే 176. రెండు రోజులతో తేల్చేది కాదని తెలుసు, అయినా ఆవిడకి తేలికైన పని కాబట్టి ఉంచేశాం. పళ్లు కొన్ని కదులుతున్నాయి, గట్టివి నమల్లేక వదిలేస్తోందని కూడా ఈ వారమే తెలిసింది, ఆకలి లేదని మేం అనుకున్నది సగం అదే. కూరగాయలు మెత్తగా ఉడికిస్తున్నా, పళ్లెం ఖాళీ అవుతోంది.

రోజు 21

సెన్సర్ పెట్టాం, చేతికి వెనకవైపు అంటించేది, 14 రోజులు ఉంటుంది, ఫోన్లో గీత కనపడుతుంది. మొదటి రాత్రి 1:50కి అలారం, 58 అని ఎర్రగా. పరిగెత్తాను. పెద్దమ్మ హాయిగా నిద్రపోతోంది, మెడ పొడిగా ఉంది. లేపి వేలు పొడిస్తే 109. చూస్తే సెన్సర్ ఉన్న చెయ్యి కింద పెట్టుకుని దాని మీదే పడుకుంది, ఒత్తిడికి అక్కడ రక్తం సరిగ్గా ఆడక సెన్సర్ తప్పు చెప్పింది. ఇలా జరుగుతుందని చదివినా కూడా ఆ ఎర్ర అంకె చూసినప్పుడు ఏదీ గుర్తుండదు. పైగా సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, కణాల మధ్య నీటిని, అందుకే రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, వేగంగా పడిపోతున్నప్పుడు ఫోన్లో 80 అంటే లోపల అప్పటికే 70 ఉండొచ్చు. అలారం 80కి పెట్టాను. ఒంటికి, అంకెకి పొంతన లేకపోతే వేలు పొడవడమే. వచ్చేసారి సెన్సర్ ఎడమ చేతికి, ఆవిడ కుడి పక్కకి పడుకుంటుంది కాబట్టి.

రోజు 28

ఏం రాయడానికి లేదు, అంత మంచి వారం. పరగడుపున 131 నుంచి 168 మధ్య. 80 అలారం ఒక్కసారి మోగింది, 77 దగ్గర ఆగి అదే పైకి వెళ్లింది. డాక్టరు గారు 20 యూనిట్లే ఉంచమన్నారు, 22 చేద్దామా అని నేనే అడిగాను, తొందరొద్దు అన్నారు. సూది చోటు రోజూ మారుస్తున్నాం, తొడ మీద ఊహించుకున్న గడియారం ముల్లులాగా ఒక్కో రోజు ఒక్కో గంట దగ్గర, వేశాక పది లెక్కపెట్టి పెన్ను తీస్తోంది. పక్కనే కాగితంలో టిక్కు, వేసుకున్నానా లేదా అని అనుమానమొచ్చి రెండోసారి వేసుకునే ప్రమాదం లేకుండా.

అన్నయ్య వచ్చాడు. పై అరలో డబ్బాలన్నీ తనే దింపి కింద పెట్టాడు.

రోజు 35

రాత్రి 2:15కి బెల్లు. ఫోన్ చూస్తే 121, గీత తిన్నగా ఉంది. వెళ్లేసరికి పెద్దమ్మ మంచం మీద లేదు. వంటింట్లో లైటు వెలుగుతోంది, బల్ల దగ్గర కూర్చునుంది, ముందు చిన్న ప్లేటులో రెండు బిస్కెట్లు, పక్కన మీటర్, కడిగిన చేతులు కొంగుకి తుడుచుకుంటోంది.

"126 ఉందే తల్లీ, నేనే చూసుకున్నా. చెమట్లేం లేవు. ఉత్తి ఆకలి."

"తిను పెద్దమ్మా" అని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నోట్‌బుక్కులో ఆవిడే రాసింది, వంకర అక్షరాలతో: 2:20, 126, బిస్కెట్లు 2, ఆకలేసింది. పొద్దున పరగడుపున 148.